పెట్టె లేని రూటరు

2008 ఫిబ్రవరి 24న సుమారు రెండు గంటలపాటు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ అందకుండా పోయింది. దాని యంత్రాలు చెడిపోలేదు. తీగలు తెగిపోలేదు. మరి ఏం జరిగింది?

ఇంటర్నెట్‌లో సమాచారం ప్యాకెట్లనే చిన్న పొట్లాలుగా ప్రయాణిస్తుంది. పొట్లం మీది చిరునామా చూసి ఎటు పంపాలో నిర్ణయించే యంత్రమే రూటరు. ఉత్తరాలను సంచుల్లోకి వేరుచేసే తపాలా ఉద్యోగి వంటిదన్నమాట. 'గుంటూరు జిల్లా' సంచీ, 'తెనాలి' సంచీ రెండూ ఉంటే, తెనాలి ఉత్తరం రెండోదానిలోకే పోతుంది కదా! రూటరు కూడా అంతే. ఎక్కువ వివరమైన దారినే ఎంచుకుంటుంది.

ఆనాడు యూట్యూబ్ 1024 చిరునామాలకు కలిపి ఒకే దారి ప్రకటించింది. తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపబోయి, పాకిస్తాన్ టెలికాం అందులో 256 చిరునామాలకు విడిగా తప్పుదారి ప్రకటించింది. అది దేశం దాటి పొక్కింది. ఇతర దేశాల రూటర్లు దాన్నే నమ్మాయి.

ఇలాంటి తప్పులను నిజమైన నెట్‌వర్కులో చేసి నేర్చుకోలేం. పెద్ద రూటర్ల ఖరీదేమో లక్షల్లో ఉంటుంది. మరి అభ్యాసం ఎలా?

రూటరు తెలివి చాలావరకు దాని ప్రోగ్రాములోనే ఉంటుంది. ఆ ప్రోగ్రామును ఒక ఫైలుగా భద్రపరచిన నకలును 'ఇమేజి' అంటారు. బొమ్మ కాదు సుమా! కాని రూటరు ప్రాసెసరు భాష వేరు, మన కంప్యూటరు భాష వేరు. 2005లో ఫ్రాన్సుకు చెందిన క్రిస్టొఫ్ ఫిల్లో 'డైనమిప్స్' అనే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాడు. అది మామూలు కంప్యూటరులో ఉంటూనే సిస్కో 7200 రూటరు పెట్టెలా నటిస్తుంది. ఇమేజి దాన్ని నిజమైన పెట్టె అనుకొని పనిచేస్తుంది! ఇదే వర్చువల్ రూటరు.

ఇక్కడొక తమాషా ఉంది. పని లేకపోయినా రూటరు ప్రోగ్రాము 'పొట్లం వచ్చిందా?' అంటూ తిరుగుతూనే ఉంటుంది. కంప్యూటరు శక్తంతా దానికే ఖర్చవుతుంది. ఆ తిరిగే చోటును గుర్తించి, అక్కడ కాసేపు నిద్రపుచ్చితే, ఒకే కంప్యూటరులో అనేక రూటర్లు నడుస్తాయి.

కంపెనీల ఇమేజీలకు వారి అనుమతి కావాలి. 'ఎఫ్‌ఆర్‌రౌటింగ్' మాత్రం ఉచితం. దానితో మూడు వర్చువల్ రూటర్లను కలపండి. ఒకటి 1024 చిరునామాలను, మరొకటి అందులోని 256ను ప్రకటించాలి. మూడోదాని పట్టిక చూడండి. 2008 నాటి తప్పు మీ బల్లమీదే జరుగుతుంది, ఎవరికీ నష్టం లేకుండా!

వదులైన తీగ, వేడెక్కిన పెట్టె, అసలు చిప్పుల వేగం ఇందులో కనిపించవు. దారి ఎంచుకునే పద్ధతి మాత్రం అదే.

ఆ రోజే యూట్యూబ్ ఆ 256 చిరునామాలను 128 చొప్పున రెండు ముక్కలుగా ప్రకటించింది. ఎందుకో చెప్పగలరా? మీ మూడో రూటరునే అడిగి చూడండి!