హోషంగ్ మర్చంట్ ఆత్మకథను పల్నాడు నుంచి చదివితే

పల్నాడులో కవి తన బతుకును తానే రాసుకోవడం అంటే ముందు గుర్తొచ్చేది జాషువా. 1895లో వినుకొండలో పుట్టిన ఆయన 'నా కథ'ను పద్యాల్లో చెప్పుకున్నారు. తర్వాత వచ్చిన దళిత ఆత్మకథలను కూడా మనం ఎక్కువగా సాక్ష్యాలుగానే చదువుతూ వచ్చాం. రాసింది నిజమేనని నిరూపించుకునే భారం ఎప్పుడూ రాసినవాళ్ల మీదే పడింది. ఆ అలవాటుతో హోషంగ్ మర్చంట్ పుస్తకం తెరిస్తే అట్ట దగ్గరే ఆగిపోతాం. 2011లో పెంగ్విన్ వేసిన 'ది మ్యాన్ హూ వుడ్ బి క్వీన్'కు ఉపశీర్షిక 'ఆటోబయోగ్రాఫికల్ ఫిక్షన్స్'. ఆత్మకథే, కానీ కల్పనలు అంటున్నారు.

మర్చంట్ 1947లో బొంబాయి పార్సీ కుటుంబంలో పుట్టారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లారు. పర్డ్యూ యూనివర్సిటీలో రచయిత్రి అనాయిస్ నిన్ మీద పీహెచ్‌డీ చేశారు. ఇరాన్, జెరూసలేం తిరిగి, చివరికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఇంగ్లీషు శాఖలో కుదురుకున్నారు. ఆయన కవితా సంపుటాలు చాలా వరకు కలకత్తాలో పి. లాల్ నడిపిన రైటర్స్ వర్క్‌షాప్ నుంచి వచ్చాయి. చేనేత చీర గుడ్డతో అట్టలు కట్టే చిన్న సంస్థ అది.

మన దేశపు గే రచనలను ఒకచోట చేర్చి 'యారానా' పేరుతో ఆయన సంకలనం తెచ్చింది 1999లో. అప్పటికి సెక్షన్ 377 పూర్తిగా అమల్లో ఉంది. 1860 నాటి ఆ చట్టం కింద యావజ్జీవం దాకా శిక్ష వేయొచ్చు. ప్రభుత్వ యూనివర్సిటీలో ఉద్యోగం చేస్తూ, సొంత పేరుతో, గే అన్న మాట అట్ట మీద వేసి పుస్తకం తేవడం చిన్న విషయం కాదు.

ఆత్మకథ వచ్చిన కాలం కూడా చూడాలి. 2009 జూలైలో ఢిల్లీ హైకోర్టు ఇష్టపూర్వక సంబంధాలను 377 నుంచి తప్పించింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మళ్లీ 2018 సెప్టెంబరు 6 దాకా ఆగాల్సి వచ్చింది. మర్చంట్ పుస్తకం ఆ నాలుగున్నరేళ్ల సందులో బయటికొచ్చింది. 2013 తర్వాత అదే పుస్తకం నేరాన్ని ఒప్పుకున్నట్టు అయ్యేది. 'ఫిక్షన్స్' అన్న మాటలో సాహిత్య సరదాతో పాటు ఈ జాగ్రత్త కూడా ఉందని నా చదువు.

అయితే ఆ మాట వాడుకునే వీలు అందరికీ ఉండదు. ఏడాది ముందు, 2010లో, అదే పెంగ్విన్ ఎ. రేవతి జీవితకథ వేసింది. తమిళంలో ఆమె రాసిన దాన్ని వి. గీత ఇంగ్లీషు చేశారు. పేరు 'ది ట్రూత్ అబౌట్ మి'. నామక్కల్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన హిజ్రా 'నిజం' అని ముందే హామీ ఇవ్వాలి, ఇంగ్లీషు ప్రొఫెసరు 'కల్పన' అని నవ్వొచ్చు. పాఠకుడు ఎవరిని అనుమానిస్తాడో ఈ రెండు పేర్లలోనే ఉంది. రేవతి పుస్తకాన్ని పి. సత్యవతి తెలుగు చేశారు, ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన విద్యార్థులు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

మర్చంట్‌ను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. కులవ్యతిరేక పుస్తకాలు వేసే నవయాన 2016లో ఆయన కవితలను 'మై సన్‌సెట్ మ్యారేజ్' పేరుతో తెచ్చింది. ఆ ఏడాది జనవరి 17నే ఆయన పాఠాలు చెప్పిన క్యాంపస్‌లో గుంటూరు బిడ్డ రోహిత్ వేముల ప్రాణం పోయింది. ఒకే క్యాంపస్ ఒకరికి రాసుకునే చోటయింది, ఇంకొకరిని హాస్టల్ గది నుంచి వెళ్లగొట్టింది. ఉద్యోగం, ఇంగ్లీషు, పెద్ద నగరం మర్చంట్‌కు ఇచ్చిన నీడ మాచర్లలోనో గురజాలలోనో ఉన్న దళిత గే కుర్రాడికి లేదు. నరసరావుపేటలో గది అద్దెకు అడిగితే ముందు వచ్చే ప్రశ్న 'మీరేవుట్లు?' అనే. రెండో సంగతి బయటపడితే ఇంట్లోంచి కూడా పోవాలి.

ఇది మన ఉద్యమానికి పక్క విషయం అనేవాళ్లు ఉన్నారు. 1916లో కొలంబియా యూనివర్సిటీలో అంబేద్కర్ చదివిన పత్రం ఇంకోలా చెబుతుంది. కులం నిలబడేది కులంలోనే జరిగే పెళ్లి వల్ల అని ఆయన అప్పుడే తేల్చారు. ఆ పెళ్లి వద్దనే కొడుకు, దాని గుట్టు ఏదైనా, ఆ గోడలో ఒక రాయి కదిపినవాడే. అందుకే ఇంట్లోవాళ్లు అంత గట్టిగా పట్టుకుంటారు. 377 కోరలు పీకి ఏళ్లయినా, పాతికేళ్లు రాగానే మేనమామ కూతురితో తాంబూలాలు మార్చుకోవడం మాత్రం మన ఊళ్లలో ఆగలేదు.