నాగరత్నమ్మ కీర్తి: ఒక పునర్విచారణ

కళాకారుల కీర్తికి లోకము రెండు విధములుగా అన్యాయము చేయుచుండును: బ్రతికియుండగా నిందించుట యొకటి, గతించిన పిదప ఆ నింద ప్రసక్తియే రానీయక చరిత్రను కుదించి చెప్పుట రెండవది. బెంగుళూరు నాగరత్నమ్మకు ఈ రెండును సంభవించినవి. తిరువయ్యారున కావేరి యొడ్డున త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించిన భక్తురాలిగా ఆమెను సంగీతప్రియులెల్లరును స్మరింతురు. కాని ఒక తెలుగు కావ్యమును పరిష్కరించి ముద్రింపించినందులకు ఆమె పత్రికల దూషణకు గురియైనదనియు, ఆ గ్రంథమును ప్రభుత్వము జప్తుచేసినదనియు ఎఱిగినవారు కొందఱే.

1878లో మైసూరు సంస్థానమందలి నంజనగూడున దేవదాసీ కుటుంబమున జన్మించిన నాగరత్నమ్మ, సంస్కృతాంధ్ర కర్ణాటక భాషలు నేర్చి, త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన మునుస్వామప్పగారి సన్నిధిని గానము నభ్యసించి, చెన్నపట్టణము చేరి, గాయనిగా అనతికాలముననే ప్రసిద్ధి గాంచెను. పద్దెనిమిదవ శతాబ్దమున తంజావూరు ప్రభువగు ప్రతాపసింహుని ఆస్థానమునందు వెలసిన ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ అను తెలుగు కావ్యము నాగరత్నమ్మ మనస్సును హరించెను. అయితే 1887లో అచ్చైన ప్రతిలో కొన్ని పద్యములును, కవయిత్రి తన్ను గూర్చి చెప్పుకొన్న పీఠికయును లోపించియుండుట గమనించి, వ్రాతప్రతిని సంపాదించి, రెంటిని సరిచూచి, లోపములను పూరించి, 1910లో గ్రంథప్రకాశకులగు వావిళ్లవారిచే ప్రకటింపించెను. సభలలో పాడుకొనుచు ధనము గడించుటకు అవకాశమున్న గాయని, పండితులు చేయవలసిన పరిష్కరణభారమును తానుగా తలకెత్తుకొనుట సామాన్యవిషయము కాదు.

వివాదమంతటితో చెలరేగెను. ‘శశిలేఖ’ పత్రిక ఆ కావ్యమును విమర్శించుచు, రచించినది వేశ్య, పరిష్కరించినది వేశ్య యను మాటను ముందునకు తెచ్చెను. అంతకుముందే కందుకూరి వీరేశలింగము పంతులుగారు కవుల చరిత్రలో ఈ కావ్యమునందలి శృంగారమును స్త్రీలు వినదగనిదని నిరసించియుండిరి. దానికి నాగరత్నమ్మ తన పీఠికలోనే సమాధానమిచ్చెను: సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు వలదా యని ప్రశ్నించి, పంతులుగారు స్వయముగా పరిష్కరించిన ‘వైజయంతీవిలాసము’లోని శృంగారమును ఉదాహరించెను. ఆ ప్రశ్నకు ఎవ్వరును బదులీయకమునుపే, 1911లో మద్రాసు ప్రభుత్వము గ్రంథమును నిషేధించి ప్రతులను స్వాధీనపఱచుకొనెను.

   

ఇంత నింద మోసిన స్త్రీ మఱియొకతె యైనచో సంగీతమును గూడ చాలించియుండును. నాగరత్నమ్మయో, శిథిలమైయున్న త్యాగరాజ సమాధిని ఉద్ధరింప సంకల్పించి, తన ఆర్జనను, ఆభరణములను వెచ్చించి, 1921లో శంకుస్థాపన చేయించి, 1925లో కుంభాభిషేకము జరిపించెను. అచ్చట ఏటేట జరుగు త్యాగరాజ ఆరాధనను నిర్వహించు పురుషులు రెండు పక్షములుగా చీలియుండి, స్త్రీలకు గానాధికారము నీయకపోగా, తాను కట్టించిన ఆలయముననే తనకు పాడు హక్కు లేదనుటను సహింపక, స్త్రీలను కూడగట్టి ప్రత్యేకముగా ఆరాధన సాగించెను. 1940–41 నాటికి పక్షములన్నియు ఏకమై, స్త్రీపురుషులు కలసి పాడు ఆచారము నెలకొనెను. టంగుటూరి ప్రకాశముగారు 1946–47లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా నున్న కాలమున ‘రాధికాసాంత్వనము’పై నిషేధము తొలగెను, 1952లో వావిళ్లవారు దానిని పునర్ముద్రించిరి. ఆ సంవత్సరముననే నాగరత్నమ్మ తిరువయ్యారున తనువు చాలించెను.

ఆలయనిర్మాణముచే ఆమె పూర్వపు కళంకమును కడిగికొన్నదని తలచువారు లేకపోలేదు. ఆ తలపు ఆమెకు గౌరవము చేయునట్లు కానవచ్చినను, నిజమునకు పాతనిందను మఱల స్థిరపఱచుచున్నది. ఏలయన ప్రాయశ్చిత్తము పాపమున్నచోటనే కదా యుండునది! 1910లో కావ్యమును నిలువబెట్టినదియు, 1925లో సమాధిని నిలువబెట్టినదియు ఒకే బుద్ధి: శిథిలమగుచున్న దానిని సమగ్రముగా చూడగోరు బుద్ధి, స్త్రీ కనుక వినరాదు, పాడరాదు అను శాసనమునకు లొంగని బుద్ధి. ఆమె విమర్శకులు గ్రంథమును తూచుటకు బదులు గ్రంథకర్త్రి కులమును తూచిరి. నేటికిని ఏ కళాకారిణి పేరైనను వార్తలకెక్కినప్పుడు ఆమె కృతికంటె జీవితమే ముందుగా విచారణకు వచ్చుట మనమెఱిగినదే. మన సంగీతపాఠములలో నాగరత్నమ్మను గూర్చి చెప్పునప్పుడు భక్తురాలనుటతో ఆగక, పండితురాలు, సంపాదకురాలు అను మాటలను గూడ అదే పుటలో చేర్చి చెప్పుట, ఆమెకు మనము తీర్చవలసిన ఋణము.