ఐరిస్ లేని పిల్లల కళ్లలో పొంచి ఉండే నీటికాసులు

కనుపాప చుట్టూ వలయంలా ఉండి, వెలుతురు పెరిగినప్పుడు దాన్ని కుదించి, చీకట్లో విప్పార్చే రంగు పొరను ఐరిస్ అంటారు. ఈ పొర దాదాపు లేకుండా, అంచున సన్నని మొదలు మాత్రమే మిగిలి బిడ్డ పుట్టే అరుదైన స్థితి ఎనిరిడియా. 40,000 నుంచి 1,00,000 జననాలకు ఒకటి చొప్పున కనిపించే ఈ లోపానికి ప్రధాన కారణం 11వ క్రోమోజోముపై ఉండే పాక్స్6 జన్యువు దెబ్బతినడం. గర్భంలో కన్ను మొత్తం రూపుదిద్దుకోవడానికి ఈ జన్యువే ఆధారం కాబట్టి లోపం ఐరిస్‌తో ఆగదు; రెటీనాలో సూక్ష్మమైన చూపునిచ్చే మధ్యభాగం సరిగా ఎదగదు, కనుగుడ్లు నిలకడ లేకుండా ఊగుతుంటాయి, శుక్లాలు ఏర్పడతాయి, వయసుతోపాటు కార్నియా మసకబారుతుంది. వీటన్నింటి నడుమ, ఉన్న కొద్దిపాటి చూపునూ శాశ్వతంగా తుడిచిపెట్టగలిగేది నీటికాసులు, అంటే గ్లకోమా. ఎనిరిడియా ఉన్నవారిలో సుమారు సగం మందికి ఇది ఏదో ఒక దశలో వస్తుందని అంచనా.

కంటి లోపల నిరంతరం ఊరే పల్చని ద్రవం, కార్నియా, ఐరిస్ కలిసే మూలలోని జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి పోతుంది. ఆ దారి మూసుకుంటే లోపలి ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు చేరవేసే నరం క్రమంగా నశిస్తుంది. కొందరు పిల్లల్లో ఈ మూల పుట్టుకతోనే సరిగా ఏర్పడదు గాని, ఎక్కువమందిలో మొదట తెరిచే ఉంటుంది. మిగిలిన ఐరిస్ మొదలు ఏళ్ల తరబడి మెల్లమెల్లగా ముందుకు జరిగి ఆ జల్లెడను కప్పేస్తుంది. అందువల్ల పసితనంలో మామూలుగా ఉన్న ఒత్తిడి బడి వయసులోనో, యౌవనంలోనో పెరగవచ్చు.

రోగం దాగి ఉండటానికి అనువైన పరిస్థితి కూడా ఇదే. పుట్టుకతో వచ్చే సాధారణ నీటికాసుల్లో పసికందు కన్ను సాగి పెద్దదవుతుంది, నీరు కారుతుంది, బిడ్డ వెలుతురు చూడలేదు. తల్లిదండ్రులు పసిగట్టడానికి ఆధారం దొరుకుతుంది. మూడేళ్లు దాటాక కంటిగోడ గట్టిపడి అలా సాగదు, ఐరిస్ లేని బిడ్డ వెలుతురుకు కళ్లు మూసుకోవడం మొదటినుంచీ ఉన్నదే, చూపు కూడా ముందే తక్కువ. ఇంట్లో ఎవరూ గుర్తించలేని ఈ రోగంలో మందుల కంటే ముందు చెప్పుకోవలసింది గడువు తప్పని పరీక్ష. ఒత్తిడి మామూలుగానే ఉన్నదన్న మాట ఆనాటికే వర్తిస్తుంది. ఆ మాట విని మళ్లీ రావడం మానేసిన కుటుంబమే ఎక్కువగా నష్టపోతుంది.

పరీక్ష కూడా తేలిక కాదు. ఏడ్చే బిడ్డలో కొలత పెరిగిపోతుంది కాబట్టి పసివారికి మత్తు ఇచ్చి చూడవలసి వస్తుంది, ఆ మత్తుమందులు కూడా కొలతను అటూఇటూ మార్చగలవు. కంటిని మొద్దుబార్చే చుక్కల మందు అవసరం లేకుండా కార్నియాను క్షణమాత్రం తాకి కొలిచే రీబౌండ్ పరికరం వచ్చాక కొంతమందికి ఈ ప్రయాస తగ్గింది. పైగా ఎనిరిడియాలో కార్నియా మామూలు కంటే మందంగా ఉండి, అసలు ఒత్తిడి కంటే ఎక్కువ అంకె చూపిస్తుంది. ఊగే కళ్లతో దృష్టిక్షేత్ర పరీక్ష నమ్మదగినట్టు రాదు. అందుకే వైద్యులు ఒక్క అంకెపై ఆధారపడకుండా కార్నియా మందం, ద్రవం పోయే మూల, నరం మొదలు, మూడింటినీ కలిపి చూస్తారు.

ఒత్తిడి పెరిగిందని తేలాక సాధారణంగా చుక్కల మందులతోనే మొదలుపెడతారు. ద్రవం ఊరడాన్ని తగ్గించే టిమొలాల్, డార్జొలమైడ్, బయటికి పోవడాన్ని పెంచే లాటానోప్రాస్ట్ వీటిలో ముఖ్యమైనవి. ఆస్తమా ఉన్న బిడ్డకు టిమొలాల్ ప్రమాదకరం. పెద్దలకు మామూలుగా రాసే బ్రిమొనిడిన్ రెండేళ్లలోపు పిల్లల్లో తీవ్రమైన మగతను, శ్వాస మందగించడాన్ని కలిగించగలదు కాబట్టి ఇంట్లో తాతగారి సీసాలోని మందును బిడ్డకు వేయడం ఎంతమాత్రం తగదు. చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు మెల్లగా నొక్కి ఉంచితే మందు రక్తంలోకి చేరడం తగ్గుతుంది. కార్నియా బలహీనంగా ఉండే ఈ కళ్లకు, దొరికినంతవరకు, నిల్వ రసాయనాలు కలపని చుక్కలు మేలు.

మందులు చాలకపోతే శస్త్రచికిత్స అవసరమవుతుంది. మూలలోని కణజాలాన్ని కోసి దారి తెరిచే గోనియాటమీ, పుట్టుకతో వచ్చే నీటికాసుల్లో ఇచ్చినంత మంచి ఫలితాన్ని ఇక్కడ ఇవ్వదు. అయితే మూల పూర్తిగా మూసుకోకముందే, ముందుజాగ్రత్తగా, దీన్ని చేస్తే చాలా కళ్లను కాపాడవచ్చని అమెరికా వైద్యులు చెన్, వాల్టన్ 1999లో ప్రకటించారు. ఇంకా రోగం రాని కంటికి, అడ్డుగా ఐరిస్ లేక కటకం బయటపడి ఉన్నచోట, కత్తి పెట్టడానికి అందరూ సిద్ధపడలేదు, ఆ సంకోచం అర్థం చేసుకోదగినదే. ద్రవాన్ని సన్నని గొట్టం ద్వారా కంటిగోడ మీది పలకకు మళ్లించే అమర్పులు నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. వాల్వు ఉన్న అహ్మద్ పరికరంతోపాటు, మదురైలోని అరోల్యాబ్ తక్కువ ఖర్చుతో తయారుచేసే వాల్వులేని పరికరం భారతదేశంలో దొరుకుతుంది. కంటి లోపల పదేపదే శస్త్రచికిత్సలు జరిగితే నారలాంటి పొర పెరిగి కటకాన్ని, రెటీనాను లాగేసే ప్రమాదం ఎనిరిడియాకు ప్రత్యేకం కాబట్టి ఒక్కో ఆపరేషన్‌నూ ఆచితూచి ఎంచుకోవాలి.

వంశం సంగతి తెలుగు కుటుంబాలకు విడిగా చెప్పాలి. పుట్టుకతో వచ్చే నీటికాసులు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 జననాలకు ఒకటిగా, పాశ్చాత్య దేశాలకంటే ఎక్కువగా కనిపించడానికి మేనరికాలు ఒక కారణం, ఎందుకంటే ఆ రోగానికి తల్లి, తండ్రి ఇద్దరినుంచీ లోపమున్న జన్యువు రావాలి. ఎనిరిడియాకు ఒక్కరిది చాలు. లోపమున్న తల్లికో తండ్రికో పుట్టే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం, మేనరికం ఉన్నా లేకపోయినా. సుమారు మూడింట ఒకవంతు పిల్లల్లో మాత్రం కుటుంబంలో ఎవరికీ లేకుండానే ఇది మొదలవుతుంది. అలాంటి వారిలో కొందరికి పాక్స్6 పక్కనే ఉన్న డబ్ల్యూటీ1 జన్యువు కూడా ఊడిపోయి విల్మ్స్ అనే మూత్రపిండాల క్యాన్సర్ రావచ్చు కాబట్టి, జన్యుపరీక్షతో ఆ అనుమానం తీరేవరకు మూడు నెలలకొకసారి కడుపు స్కానింగ్ చేయిస్తారు, లోపం ఉన్నదని తేలితే ఏడెనిమిదేళ్ల వయసు వరకు కొనసాగిస్తారు.