చక్కెరకు హామీ ధర: లోమే ఒప్పందం నడిచిన తీరు

1974 నవంబరులో ప్రపంచ విపణిలో చక్కెర ధర పౌనుకు 60 సెంట్లు దాటింది. సరుకు దొరకడమే గగనమైన ఆ గిరాకీలోనే బేరం కుదిరింది. 1975 ఫిబ్రవరి 28న టోగో రాజధాని లోమేలో యూరోపియన్ ఉమ్మడి మార్కెట్‌కు చెందిన 9 దేశాలు, ఆఫ్రికా, కరిబియన్, పసిఫిక్ ప్రాంతాల 46 దేశాలు ఒప్పందంపై సంతకాలు చేశాయి. దాని చక్కెర అనుబంధం ప్రకారం ఏటా సుమారు 13 లక్షల టన్నుల చెరకు చక్కెరను ఉమ్మడి మార్కెట్ హామీ ధరకు కొనాలి. కాలపరిమితి లేదు. ఇందులో మూడో వంతుకు పైగా, అంటే సుమారు 4.9 లక్షల టన్నులు, మారిషస్‌ది. అక్కడి తెలుగువారికి 'కోరంగీలు' అన్న పేరు మన కోరంగి రేవును బట్టి వచ్చినదే. వారి పూర్వులు కూలీలుగా దిగినది ఈ చెరకు తోటల్లోనే.

1978 నాటికి ప్రపంచ ధర 10 సెంట్లలోపుకు జారిపోయింది. హామీ విలువ అప్పుడు తెలిసివచ్చింది.

అయితే షరతులూ చూడాలి. హామీ ధర యూరపు రేవుకు చేరిన సరుకుకే గాని తోట దగ్గర సరుకుకు కాదు. ఓడ కిరాయి, బీమా అమ్మినవారి నెత్తినే. వెళ్ళేది ప్రధానంగా ముడి చక్కెర కాబట్టి శుద్ధి చేసిన లాభం థేమ్స్ ఒడ్డు కర్మాగారానికి దక్కేది. ధరపై ఏటా సంప్రదింపులన్నారు. కాని అది బ్రస్సెల్స్‌లో బీటు దుంప రైతుల కోసం నిర్ణయించిన ధరల పరిధిలోనే ఉండాలి. ఇక బేరమాడడానికి మిగిలేదెంత? వాటా మేరకు పంపలేకపోతే వాటాకే కోత. ఇదే తరహాలో విడిగా ఒప్పందం చేసుకున్న భారతదేశానికి మొదట 25,000 టన్నుల వాటా ఉండగా, సరఫరాలో లోటు పడడంతో అది తరువాత 10,000 టన్నులకు దిగింది.

విచిత్రమేమంటే, 1970ల చివరికి ఉమ్మడి మార్కెట్ దగ్గరే చక్కెర మిగులు తేలింది. ఒక చేత్తో చెరకు చక్కెర కొని, రెండో చేత్తో అంత సరుకునూ సబ్సిడీపై బయటకు తోలింది. బ్రెజిల్, ఆస్ట్రేలియా, థాయిలాండ్ ఫిర్యాదు చేయగా 2005లో ప్రపంచ వాణిజ్య సంస్థ తీర్పు యూరపుకు వ్యతిరేకంగా వచ్చింది. 2006 నుంచి అంచెలంచెలుగా ధరలో 36 శాతం కోత పడింది. 2007లో నోటీసు ఇచ్చి, 2009 సెప్టెంబరు 30తో ఆ 'కాలపరిమితి లేని' అనుబంధాన్ని ముగించారు.

1970ల్లో 20కి పైగా ఉన్న మారిషస్ మిల్లులు ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని. మిగిలినవారు చక్కెరను తమ గడ్డమీదే శుద్ధి చేసి పంపుతున్నారు.