పిల్లల పెంపకంపై భార్యాభర్తల తగువు: కౌన్సెలింగ్‌లో జరిగేదేమిటి?

నికాహ్ ఖర్చులంటే దాతలు వెంటనే ముందుకొస్తారు. పెళ్లయిన ఆరేడేళ్లకు అదే ఇంట్లో పిల్లల గురించి మొదలయ్యే పోరుకు ఎవరూ చందా ఇవ్వరు. నిజం చెప్పాలంటే మేమూ అడగలేదు.

కడప వైపు ఎందరో తండ్రులు కువైట్‌లో ఉంటారు. కర్నూలు పడమటి పల్లెల్లో వానలు లేకపోతే సుగ్గికి గుంటూరు వైపు పోతారు. ఫీజు, జ్వరం, బడి నుంచి ఫిర్యాదు, అన్నీ తల్లి మీదే. సెలవుపై వచ్చిన తండ్రి కొడుకు చేతిలో సెల్‌ఫోన్ చూసి "నువ్వే చెడగొట్టినావు" అంటాడు. "చుట్టం మాదిరి వచ్చి తీర్పులు చెప్తావా?" అని ఆమె. ఇద్దరి మాటలోనూ నిజముంది.

పెద్దల పంచాయితీలో మొదటి ప్రశ్న: తప్పెవరిది? కౌన్సెలర్ అది అడగరు. గొడవ ఏ రోజు, ఏ పని దగ్గర మొదలైందో అడుగుతారు. ఒకరు మాట్లాడితే మరొకరు అడ్డురాకుండా విని, విన్నది తిరిగి చెప్పాలి. చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది గానీ, ఆమె కోపం వెనకున్న అలసట, పిల్లలు తనను మరిచిపోతున్నారన్న ఆయన భయం బయటపడేది అక్కడే. పనుల పంపకం ఆ తర్వాతే. వారానికి రెండు రాత్రులు వీడియో కాల్‌లో లెక్కలు తండ్రే చూస్తాడు. బడివాళ్లతో ఆయనా మాట్లాడతాడు. పిల్లల ముందు ఒకరి మాట ఒకరు కొట్టెయ్యరు. రెండు వారాలు నడిపి చూసి, కుదరనిది మార్చుకుంటారు.

అమెరికాలో బర్క్‌లీకి చెందిన కోవన్ దంపతులు దీన్ని పరీక్షించారు. తండ్రులను మాత్రమే కూర్చోబెట్టిన బృందాల్లో వాళ్లు పిల్లలకు దగ్గరయ్యారు గానీ దాంపత్య సంతృప్తి తగ్గింది. ఇద్దరినీ కూర్చోబెట్టిన చోట అది నిలిచింది. బిడ్డకు పాలు మాన్పించడం కూడా తల్లిదండ్రులు పరస్పరం సంప్రదించుకునే చేయాలని ఖురాన్ (2:233) చెప్పింది కదా.

కొట్టడం ఉన్న ఇంట్లో మాత్రం ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టకూడదు. అక్కడ ముందు ఆమె రక్షణ చూడాలి. అందుకు 181 నంబరు, 2005 గృహహింస చట్టం ఉన్నాయి. 1984 చట్టం ప్రకారం ఫ్యామిలీ కోర్టు కూడా ముందు రాజీకే ప్రయత్నించాలి, కానీ అక్కడిదాకా పోయేసరికి మనసులు విరిగిపోయి ఉంటాయి. మనసు బాగాలేనివారు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

దాతలను మేము అడిగేది భవనం కాదు. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన కౌన్సెలర్‌కు గౌరవ వేతనం, పల్లెల నుంచి వచ్చేవారికి బస్సు చార్జీలు, సెలవుపై వచ్చిన తండ్రి తిరిగి విమానమెక్కేలోపు ఆ ఇద్దరూ నాలుగైదుసార్లు కూర్చునే ఒక గది.