కనకాంబరానికి ఆయువు వేళ్లలోనే

పరిమళాన్ని బట్టి పూలకు విలువ కట్టే తెలుగు నేల మీద, ఏమాత్రం వాసన లేని కనకాంబరం మల్లెల పక్కన, మరువం నడుమ తరతరాలుగా తన చోటు నిలుపుకోవడానికి దాని రంగు ఒక్కటే కారణం కాదు. కిలో తూగడానికి సుమారు 15 వేల పూలు కావలసినంత తేలికదనం, కోసిన తరువాత చాలాసేపు వాడకపోవడం, సన్నని పొడవాటి గొట్టం ఉండటం వల్ల దండలో చక్కగా ఒదగడం దానికి కలిసివచ్చిన గుణాలు. టోకు అంగడిలో కిలోల లెక్కన తూగే ఈ పువ్వు, వీధి చివర బుట్టలోకి చేరేసరికి మూరల్లోకి మారుతుంది.

దక్షిణ భారతదేశం, శ్రీలంక పుట్టిల్లుగా గల ఈ పొద అడ్డసరం, నేలవేము మొక్కల కుటుంబానికి చెందినది. 1759లో లిన్నేయస్ దీనిని మొదట అడ్డసరం ప్రజాతిలోనే చేర్చి వర్ణించగా, తరువాతి శాస్త్రజ్ఞులు క్రాసాండ్రా ప్రజాతిలోకి మార్చారు. నాలుగు పలకలుగా అమరిన ఆకుపచ్చని కంకిలో పూలు కిందినుంచి పైకి వరుసగా విచ్చుకుంటాయి. గొట్టం పైభాగం చీలి ఉండటంతో అయిదు రేకులూ ఒకే వైపుకు విసనకర్రలా పరుచుకుంటాయి. ఎండిన కంకిపై వానచినుకు పడితే కాయలు చిట్లి గింజలు దూరంగా ఎగిరిపడతాయి కనుక, విత్తనం కావాలనుకునేవారు తడి తగలకముందే కంకులు కోసుకోవాలి.

విత్తనమే కట్టని రకం కూడా ఉంది. ఢిల్లీ కనకాంబరంగా పేరుపడిన ముదురు నారింజ రకం త్రయస్థితికం, అంటే కణంలో రెండుకు బదులు మూడు క్రోమోజోమ్ సమితులు గలది. ఇది కొమ్మ కత్తిరింపులతోనే వృద్ధి చెందుతుంది. బెంగళూరు సమీపంలోని హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క అంబర, అర్క కనక వంటి రకాలు కూడా సాగులో ఉన్నాయి.

నేల పైన కనకాంబరం కోరికలు స్వల్పం. 30 నుంచి 35 డిగ్రీల వేడి దీనికి హితవు, పాక్షికమైన నీడను ఓర్చుకుంటుంది, గడ్డకట్టే చలిని మాత్రం తట్టుకోలేదు. నీరు నిలవని, సేంద్రియ పదార్థం గల నేలలో, మాగిన పశువుల ఎరువు వేసి, బోదెలపై వరుసల మధ్య 60, మొక్కల మధ్య 30 సెంటీమీటర్ల ఎడంతో నాటితే రెండు మూడు నెలల్లో పూత మొదలై, వానకాలంలో కొంత తగ్గినా దాదాపు ఏడాది పొడవునా సాగుతుంది. రోజు విడిచి రోజు తెల్లవారుజామునే పూలు కోయడం రివాజు. ఈనెలు పచ్చగానే ఉండి లేత ఆకులు మాత్రం పాలిపోతే అది ఇనుప ధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే ఆకులు తేరుకుంటాయి.

అసలు గండం నేల కింద పొంచి ఉంటుంది. కంటికి ఆనని నులిపురుగులు వేళ్లలో చొరబడి కణాలను తినేయగా గోధుమరంగు మచ్చలు ఏర్పడతాయి, ఆ గాయాల గుండా ఎండుతెగులు కలిగించే శిలీంధ్రం లోపలికి చేరుతుంది. ఆకులు పసుపు, ఊదా రంగులకు తిరిగి, పూలు చిన్నబోయి, మొక్క గిడసబారుతుంది. అయితే ఈ లక్షణాలు పోషక లోపాన్ని పోలి ఉండటంతో మరికొంత ఎరువు వేయడం చాలాచోట్ల జరిగే పొరపాటు; వేరు తినేవాడిని వదిలి ఆకుకు మేత వేయడం వృథా ఖర్చే.

తెగులు సోకిన మొక్కను బాగుచేయడం కన్నా రాకుండా చూడటమే ఇక్కడ సులభం. నాటడానికి ముందు మట్టిని పరీక్ష చేయించడం, దుక్కిలో వేపపిండి, ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం కలిపిన పశువుల ఎరువు వేయడం, అదే మడిలో మళ్లీ కనకాంబరం పెట్టక నడుమ బంతి సాగు చేయడం అనుభవంలో నిలిచిన ఉపాయాలు. బంతి వేళ్ల నుంచి వెలువడే పదార్థాలు కొన్ని నులిపురుగులను అణచివేస్తాయి. పెరటి కోసం నర్సరీలో మొక్క కొనేవారు కూడా పూల నిగనిగకు మురిసిపోకుండా, సంచిలోంచి మట్టిముద్దను మెల్లగా తీసి వేళ్లు చూడాలి. అవి తెల్లగా, మచ్చల్లేకుండా ఉంటేనే ఇంటికి తెచ్చుకోవాలి.