అనేక వెబ్‌సైట్ల ఏకకేంద్ర నిర్వహణము: అధికార విచారము

పాణినీయమునందు అధికార సూత్రములకు గల ప్రయోజనము విద్వాంసులకు సుపరిచితము. తృతీయాధ్యాయారంభమున ఒక్కమారు పఠింపబడిన ప్రత్యయాధికారము పంచమాధ్యాయాంతము వరకు వ్యాపించి, నడుమనున్న వేయికి మించిన సూత్రములలో ఆ మాటను మరల మరల చెప్పవలసిన అవసరమును తొలగించుచున్నది. ప్రథమాధ్యాయ ప్రథమపాదమందలి 49వ సూత్రమునకు భాష్యము వ్రాయుచు పతంజలి అధికారమును మూడు విధములుగా విభజించెను. ఒక్కచోట నుండియే శాస్త్రమంతటిని వెలిగించునది మొదటిది. ఇంటినెల్ల వెలిగించు దీపము దానికి దృష్టాంతము. త్రాటితోనో ఇనుముతోనో కట్టిన కట్టెవలె ముందునకు లాగబడునది రెండవది. ప్రతి సూత్రమునందును తానే వచ్చి నిలుచునది మూడవది.

అనేక వెబ్‌సైట్లను ఒక్క డాష్‌బోర్డు నుండి, అనగా ఒక్క నిర్వహణ ఫలకము నుండి, నడుపుటకు నేడు వాడుకలోనున్న పద్ధతులను పరిశీలించినచో ఈ విభాగము చక్కగా అన్వయించును. ఈ పోలికవలన ఒక ప్రయోజనము కలదు. స్వభావమున భిన్నములైన రెండు పద్ధతులను ‘కేంద్ర నిర్వహణము’ అను ఒకే పేరుతో వ్యవహరించుటవలన కలుగు భ్రాంతి దీనిచే తొలగును. ఆ భ్రాంతితో ఒక పద్ధతిని స్వీకరించిన సంస్థకు దాని ఫలము కొన్ని సంవత్సరములు గడచిన పిదప గాని తెలియదు.

ముందుగా సమస్యను గమనింపవలెను. కళాశాలకు ప్రధానమైన వెబ్‌సైటు ఒకటి, గ్రంథాలయమునకు ఒకటి, పరిశోధన పత్రికకు ఒకటి, ఎన్నడో జరిగిన సదస్సుకై తెరచినది మరియొకటి — ఇట్లు నాలుగైదు ఏర్పడుట అరుదు కాదు. ఒక్కొక్కదానికి వేరువేరుగా మూల సాఫ్ట్‌వేరు, రూపమును నిర్ణయించు థీమ్, అదనపు పనులకై చేర్చుకొను ప్లగిన్లు ఉండును. వీనిలో దోషములు బయటపడినపుడెల్ల నిర్మాతలు సవరించిన కూర్పును విడుదల చేయుదురు. దానిని ప్రతి వెబ్‌సైటులోను ప్రవేశపెట్టుట నిర్వాహకుని పని. నాలుగు వెబ్‌సైట్లు, ఒక్కొక్కదానికి పది ప్లగిన్లు అనుకొన్నచో, ప్లగిన్లే నలువదింటిని కనిపెట్టి చూడవలెను. ప్రధాన వెబ్‌సైటును అందరును చూతురు. సదస్సు ముగిసిన తరువాత దాని వెబ్‌సైటును తలచువారుండరు. దుండగులకు మార్గము దొరకునది తరచుగా అచ్చటనే. నాలుగును ఒకే హోస్టింగ్ ఖాతాలో నున్నచో, ఒకదానిలో చొరబడినవానికి తక్కినవాని ఫైళ్లు సైతము చేతికందు అవకాశము మెండు.

దీపము వంటి పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణము వర్డ్‌ప్రెస్ మల్టీసైట్. బి2 అను పూర్వపు సాఫ్ట్‌వేరును ఆధారముగా గొని మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అనువారు 2003 మే నెలలో వర్డ్‌ప్రెస్‌ను విడుదల చేసిరి. అది అప్పుడు ఒక్క వెబ్‌సైటును నడుపుటకు మాత్రమే ఉద్దేశింపబడినది. ఒకే ప్రతిష్ఠాపనముతో పెక్కు వెబ్‌సైట్లను నడుపుటకై వర్డ్‌ప్రెస్ ఎమ్‌యు అను శాఖ వేరుగా పెరిగెను. 2005లో ఆరంభమైన వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ దానిమీదనే నడచినది. 2010 జూన్‌లో వెలువడిన 3.0 కూర్పులో ఈ శాఖ మూలమునందు లీనమయ్యెను. 2011 ఫిబ్రవరి నాటి 3.1 కూర్పు నెట్‌వర్క్ నిర్వహణకు ప్రత్యేకమైన తెరను ఏర్పరచెను.

దీని అంతర్నిర్మాణము తెలిసినగాని గుణదోషములు బోధపడవు. మల్టీసైట్‌లో మూల సాఫ్ట్‌వేరు ఒక్కటియే. థీములు, ప్లగిన్లు ఉండు చోటు ఒక్కటియే. డేటాబేసు సైతము సాధారణముగా ఒక్కటియే. వినియోగదారుల పట్టిక అన్నిటికిని ఉమ్మడి. వ్యాసములు, వ్యాఖ్యలు, వర్గములు, అమరికలు మొదలగువానికై మాత్రము ప్రతి వెబ్‌సైటుకు పదేసి పట్టికలు వేరుగా ఏర్పడును. మొదటి వెబ్‌సైటు పట్టికల పేళ్లలో అంకె ఉండదు. రెండవదానివానిలో 2, మూడవదానివానిలో 3 చేరును. చదువరికి నాలుగు భవనములుగా గోచరించునది నిజమునకు ఒకే ఇంటిలోని నాలుగు గదులు. కావున సాఫ్ట్‌వేరును ఒక్కమారు నవీకరించినచో నాలుగింటికిని అది వర్తించును. ఒక్కొక్కదాని పట్టికలను కొత్త కూర్పునకు అనుగుణముగా మార్చు చిన్న పని మాత్రమే మిగులును. ఒక అధ్యాపకుడు తన పేరును, పాస్‌వర్డును ఒక్కమారు నమోదు చేసికొన్నచో, అనుమతి గల వెబ్‌సైట్లన్నిటిలో వానితోనే పని చేయవచ్చును.

ఇక అధికారము మాట. సాధారణ వర్డ్‌ప్రెస్‌లో అడ్మినిస్ట్రేటరే సర్వాధికారి. మల్టీసైట్‌లో అతనిపైన సూపర్ అడ్మిన్ అను మరియొక స్థానము కలదు. కొత్త ప్లగిన్‌ను తెచ్చి చేర్చుట, థీమ్‌ను తొలగించుట సూపర్ అడ్మిన్‌కే చెందును. నెట్‌వర్క్ అంతటికి వర్తింపజేసిన ప్లగిన్‌ను ఒక విభాగపు నిర్వాహకుడు తన వెబ్‌సైటులో ఆపజాలడు. ఇచ్చట ఉత్సర్గమునకు అపవాదము లేదు. అట్లు వర్తింపజేయనివానిని మాత్రము, సూపర్ అడ్మిన్ అనుమతించినచో, కోరినవారు కోరినచోట ఉపయోగించుకొనవచ్చును. పేజీలో ఏ విధమైన హెచ్‌టీఎమ్‌ఎల్ సంకేతములనైనను పొందుపరచు స్వేచ్ఛ సైతము సూపర్ అడ్మిన్‌కే పరిమితము. పత్రికా సంపాదకుడు ఒక ప్రసంగపు దృశ్యమును చూపుటకై సంకేతములను అతికించి భద్రపరచినపుడు అవి మాయమగుట ఇందువలననే. ఇది సాఫ్ట్‌వేరు లోపమని పలువురు భావింతురు గాని, నిజమునకు ఒక గదిలోనివారు తక్కిన గదులకు హాని చేయకుండ ఏర్పరచిన కట్టుబాటు. తెలుగువారు గమనింపదగిన చిన్న విషయము మరియొకటి కలదు. కొత్త వెబ్‌సైటును తెరచునపుడు దాని శీర్షికను తెలుగు లిపిలో వ్రాయవచ్చును గాని, చిరునామాకు చిన్న ఆంగ్లాక్షరములు, అంకెలు, అడ్డుగీత మాత్రమే అంగీకరింపబడును.

దీపమునకు గల గుణమే దాని దోషము. అది ఆరినచో ఇల్లంతయు చీకటి. ఒక ప్లగిన్ నూతన కూర్పు సర్వరుతో పొసగనిచో అది వర్తించు వెబ్‌సైట్లన్నియు ఒకే క్షణమున నిలిచిపోవచ్చును. సూపర్ అడ్మిన్ పాస్‌వర్డు అన్యుల చేత పడినచో గ్రంథాలయము, పత్రిక, పరీక్షా విభాగము అన్నియు వారి వశమగును. పరీక్షా ఫలితములు వెలువడిన దినమున వేలమంది ఒక్కసారిగా వచ్చినచో, దానితో ఏ సంబంధమును లేని పత్రికయు మందగించును.

రెండవ పద్ధతి త్రాడు వంటిది. దీనిలో ప్రతి వెబ్‌సైటును స్వతంత్రముగా, తన సాఫ్ట్‌వేరుతో, తన డేటాబేసుతో, కావలసినచో వేరొక సర్వరుపై ఉండును. వానినన్నిటిని కేంద్రమొకటి త్రాటితో కట్టి నడుపును. మెయిన్‌డబ్ల్యూపీ, మేనేజ్‌డబ్ల్యూపీ, ఇన్‌ఫినిట్‌డబ్ల్యూపీ ఈ కోవకు చెందినవి. మేనేజ్‌డబ్ల్యూపీలో కేంద్రము ఆ సంస్థ సర్వర్లలోనే ఉండును. ఈ సంస్థను 2016లో గోడాడీ కొనినది. మెయిన్‌డబ్ల్యూపీలో కేంద్రము వినియోగదారుని సొంత వర్డ్‌ప్రెస్‌లో ప్రతిష్ఠింపబడును. అధీనములైన వెబ్‌సైట్లలో ‘చైల్డ్’ అను ప్లగిన్‌ను చేర్చవలెను. అనుసంధానము జరుగునపుడు కేంద్రము రెండు తాళపుచెవులను పుట్టించి, రహస్యమైనదానిని తనయొద్ద నిలుపుకొని, బహిరంగమైనదానిని చైల్డ్‌కు పంపును. పిమ్మట కేంద్రము పంపు ప్రతి ఆజ్ఞపైన రహస్యపు చెవితో ముద్ర పడును. చైల్డ్ తనయొద్దనున్న దానితో ఆ ముద్రను పరీక్షించి, సరిపోయినగాని ఆజ్ఞను పాటింపదు. రాజముద్ర లేని శాసనము చెల్లకుండుట వంటిదే ఇది.

ఈ పద్ధతిలో కేంద్రము పడిపోయినను వెబ్‌సైట్లు నిలుచును. త్రాడు తెగినను కట్టెలు ఉన్నచోటనే ఉండును గదా. ఒక వెబ్‌సైటును వేరొకరికి అప్పగింపవలసివచ్చినపుడు ముడి విప్పిన చాలును. ఐతే ముడి యున్నచోటనే బలహీనతయు నుండవచ్చును. 2020 జనవరిలో ఇన్‌ఫినిట్‌డబ్ల్యూపీకి చెందిన క్లయింట్ ప్లగిన్‌లో ఒక పెద్ద దోషము వెల్లడియయ్యెను. నిర్వాహకుని వినియోగదారు నామము తెలిసినవాడు పాస్‌వర్డు లేకయే లోనికి ప్రవేశించుటకు అది అవకాశమిచ్చెను. నిర్మాతలు 1.9.4.5 కూర్పులో దానిని సవరించిరి. వెబ్‌సైట్లను నవీకరించి కాపాడుటకై చేర్చిన ప్లగిన్‌యే చొరబాటునకు ద్వారమగుట ఇందలి వైచిత్రి.

మూడవ విధమునకు, అనగా ప్రతి సూత్రమునందును తానే వచ్చి నిలుచు అధికారమునకు, స్వయంచాలిత నవీకరణమును పోల్చవచ్చును. 2013 అక్టోబరు నాటి 3.7 కూర్పు నుండి వర్డ్‌ప్రెస్ చిన్న సవరణలను తనంతట తాను గ్రహించును. 2020 ఆగస్టు నాటి 5.5 కూర్పు నుండి ప్లగిన్లకును థీములకును ఆ సౌకర్యమును డాష్‌బోర్డు నుండియే ఎంచుకొనవచ్చును. సంస్థలో కేంద్రమన్నది లేకయే పని జరుగును; కాని నవీకరణము తరువాత పుటలు సరిగా కనబడుచున్నవో లేదో చూచు కన్ను ఉండదు.

విద్యాసంస్థలలో ఈ రెండు మార్గములను అనుభవపూర్వకముగా పరీక్షించిన ఉదాహరణముగా అమెరికాలో వర్జీనియా రాష్ట్రమందలి మేరీ వాషింగ్టన్ విశ్వవిద్యాలయమును చెప్పవలెను. అచ్చట 2007లో వర్డ్‌ప్రెస్ ఎమ్‌యు ఆధారముగా ‘యూఎమ్‌డబ్ల్యూ బ్లాగ్స్’ అను ఉమ్మడి వేదికను నెలకొల్పిరి. అధ్యాపకులును విద్యార్థులును సర్వరు విషయము తెలియకయే వెబ్‌సైట్లు తెరచిరి. దీపపద్ధతికి అది విజయమే. అయినను అదే విశ్వవిద్యాలయము కొన్నియేండ్లకు, ప్రయోగదశ ముగిసిన పిదప 2013లో, ‘డొమైన్ ఆఫ్ వన్స్ ఓన్’ అను వేరొక ప్రణాళికను విస్తృతముగా ప్రవేశపెట్టెను. వర్జీనియా వుల్ఫ్ 1929లో ప్రకటించిన గ్రంథపు పేరును ఇది తలపించును. దీనియందు ప్రతివారికిని సొంత డొమైన్ పేరు, సొంత స్థలము లభించును; చదువు ముగిసిన తరువాత విద్యార్థి తన వ్రాతలను తనతో తీసికొనిపోవచ్చును. మొదటిది సౌకర్యమునకు, రెండవది స్వామ్యమునకు ప్రాధాన్యమిచ్చినవి. ఒకే సంస్థ ఈ రెండింటి అవసరమును గుర్తించుట గమనార్హము.

ప్రాచ్యకళాశాల వంటి చిన్న సంస్థకు ఏది తగినదను ప్రశ్నకు ఒక్క సమాధానము చాలదు. విభాగముల ప్రకటనలు, సమయపట్టికలు, ప్రవేశ వివరములు మల్టీసైట్‌లో ఉండుటయే మేలు. వాని ఆయువు స్వల్పము, వానిని చూచుకొను ఉద్యోగి సాధారణముగా ఒక్కడే. పరిశోధన పత్రికను మాత్రము ఆ గదులలో నొకటిగా చేయరాదు. ఇతర పరిశోధకులు తమ వ్యాసములలో దాని పుటల చిరునామాలను ఉదాహరింతురు. కళాశాల వెబ్‌సైటు రూపము మారినపుడెల్ల ఆ చిరునామాలు మారినచో ఉదాహరణములన్నియు నిరాధారములగును. పత్రికకు తన డొమైన్, తన ప్రతిష్ఠాపనము ఉండి, నవీకరణమునకు మాత్రము త్రాటితో కేంద్రమునకు కట్టుట ఉచితము. తాళపత్ర ప్రతుల ఛాయాచిత్రములను ప్రదర్శించు గ్రంథాలయ వెబ్‌సైటుకును ఇదియే వర్తించును.

ఇదివరకే అన్నిటిని ఒక్క నెట్‌వర్క్‌లో చేర్చినవారు పత్రికను వెలికి తీయదలచినచో కొంత శ్రమ తప్పదు. డాష్‌బోర్డు నందలి ఎగుమతి సాధనము ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపమున ఒక ఫైలు నిచ్చును. దానిలో వ్యాసములు, పుటలు, వ్యాఖ్యలు, వర్గములు, రచయితల పేళ్లు వచ్చును. థీమ్ అమరికలు, ప్లగిన్ల అమరికలు రావు. చిత్రముల విషయమున ఆ ఫైలులో నుండునది వాని చిరునామా మాత్రమే. కొత్తచోట దిగుమతి సాధనము ఆ చిరునామాకు పోయి ఒక్కొక్క చిత్రమును తెచ్చుకొనును. వ్యాసముల నడుమ పరస్పరము ఇచ్చికొన్న లంకెలు పాత చిరునామానే చూపుచుండును గనుక వానిని వేరుగా సవరింపవలెను. పాత వెబ్‌సైటు సజీవముగా నున్నపుడే ఈ పని యంతయు ముగింపవలెను. హోస్టింగ్ గడువు తీరి పాత వెబ్‌సైటు తొలగినచో, ఎగుమతి ఫైలు చేతనున్నను, వేరుగా నకలు తీసి దాచనిచో తాళపత్రముల చిత్రములు తిరిగి రావు.